డాక్టరమ్మతో మాట: అమ్మ ఎందుకు పోయిందో తెలుసుకోవాలి

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లెటూరు. మా అమ్మకి 66 ఏళ్లు. బీపీ, షుగరు ఉన్నాయి గానీ మాత్రలు ఏ పూటా మానేది కాదు. శ్రావణంలో పెరట్లో బట్టలుతికే బండ దగ్గర జారిపడితే ఎడమ తుంటి విరిగింది. దగ్గర్లోని పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రాడ్డు వేశారు. ఆపరేషన్‌కి ముందు ఎకో తీసి గుండె బాగుందన్నారు. ఆరో రోజున ఇంటికి పంపేశారు. వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తుంటే మేమూ ఊపిరి పీల్చుకున్నాం.

ఇంటికొచ్చిన నాలుగైదు రోజులకి “పిక్క లాగేస్తోందే” అంది. కొబ్బరినూనె వెచ్చచేసి నేనే మర్దనా చేశాను. రెండు రోజులు పోయాక పొద్దున్నే కాఫీ తాగి, బాత్రూమ్‌కని లేచి, “ఆయాసంగా ఉందే అమ్మాయ్” అంటూ మంచం కోడు పట్టుకుంది. ఒళ్లంతా చెమటలు, పెదాలు నీలం. 108 వచ్చేసరికే స్పృహ లేదు. ఏరియా ఆసుపత్రిలో ఛాతీ మీద చాలాసేపు నొక్కి, ఇంక లాభం లేదన్నారు. ఏమైందని అడిగితే “గుండె ఆగిపోయిందమ్మా” అన్నారు. వాళ్లిచ్చిన కాగితం మీద ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’ అని ఉంది. పంచాయతీ ఇచ్చిన సర్టిఫికెట్‌లో కారణమే లేదు. ఆపరేషన్ చేసిన చోటికి వెళ్తే “మేం బాగానే పంపాం కదా, కేస్ షీటు పోలీసులకో కోర్టుకో తప్ప ఇవ్వం” అన్నారు కౌంటర్లో.

అన్నయ్య “పోయిన అమ్మ తిరిగొస్తుందా, వదిలెయ్” అంటాడు. పెద్దమ్మ దినవారాల్లోనే నలుగురిలో “పిక్క పిసికింది, రక్తం గుండెకెక్కింది” అంది. నేను ఎవరి మీదా కేసు వేయను. ఎందుకు పోయిందో తెలిస్తే చాలు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నా పేరు వేయకండి.

జవాబు: ముందు నూనె సంగతి మాట్లాడుకుందాం అమ్మా. మీ ఉత్తరంలో మిగతా ప్రశ్నలన్నీ దాని చుట్టూనే తిరుగుతున్నాయి.

పిక్కలో రక్తం గడ్డకట్టిందన్న అనుమానం ఉంటే మర్దనా చేయొద్దని మేం చెబుతాం. నిజమే. కానీ ఆ మాట డిశ్చార్జి రోజున మీకు ఎవరైనా చెప్పారా? ఒక కాలి పిక్క లాగినా, వాచినా వెంటనే తీసుకురండి అని కాగితం మీద రాశారా? చెప్పాల్సినవాళ్లు చెప్పకపోతే, కాలు నొప్పి అన్న తల్లికి నూనె రాయడం కూతురు చేసే పనే. పైగా ఈ గడ్డలు కదలడానికి ఎవరి చెయ్యీ అక్కర్లేదు. మంచం మీద నుంచి లేచినా, బాత్రూమ్‌లో ముక్కినా, ఊరికే పడుకుని ఉన్నా ఊడి వెళ్లగలవు. ప్రాణం తీసేంత పెద్ద గడ్డలు ఎక్కువగా తొడలోని, పొత్తికడుపులోని పెద్ద సిరల నుంచి వస్తాయి. చాలామందికి కాలిలో ముందుగా ఏ గుర్తూ కనపడదు కూడా. మీరు మర్దనా చేసిన రెండు రోజుల తర్వాత జరిగినదాన్ని మీ చేతికి అంటగట్టడానికి వైద్యంలో ఆధారం లేదు. ఆ మాట నలుగురిలో అనడానికి మీ పెద్దమ్మగారికి అసలే లేదు.

ఇక ఏమై ఉంటుంది? మీ ఉత్తరం చదువుతుంటే నాకు మొదట తట్టింది పల్మనరీ ఎంబాలిజం. కాలి సిరల్లో కట్టిన గడ్డ ఊడి, రక్తంతో పాటు గుండె కుడివైపుకి వెళ్లి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల ధమనికి అడ్డం పడుతుంది. పెద్దదైతే నిమిషాల్లో మనిషి పడిపోతుంది. తుంటి విరిగినవాళ్లకి దీని భయం ఎక్కువ. కదలకుండా పడుకోవడం, దెబ్బకీ ఆపరేషన్‌కీ సిరలు నలగడం, గాయమయ్యాక రక్తానికి గడ్డకట్టే గుణం పెరగడం, ఈ మూడూ ఆ మనిషిలో ఒకేసారి కలుస్తాయి. మెడికల్ కాలేజీలో దీన్ని జర్మన్ డాక్టరు విర్కో పేరుతో బట్టీ పట్టిస్తారు. బట్టీ పట్టినవాళ్లమే డిశ్చార్జి హడావిడిలో మర్చిపోతుంటాం. ఈ ప్రమాదం కుట్లు విప్పడంతో పోదు, ఆపరేషన్ అయ్యాక వారాల పాటు ఉంటుంది. అందుకే రక్తం పలచబడే మందు కనీసం 10 నుంచి 14 రోజులు, వీలైతే 35 రోజుల వరకు ఇవ్వాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి.

ఇదే అని నేను ప్రమాణం చేయలేను. ఇంకేం కావచ్చో కూడా చెప్తాను, డాక్టర్లం ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోకూడదు కాబట్టి. షుగరు ఉన్నవాళ్లకి గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా, ఆయాసంతో, చెమటలతో రావచ్చు. ఎకో బాగుందంటే ఆ రోజున గుండె బాగా కొట్టుకుంటోందనే. రక్తనాళాల్లో పూడికలు లేవని ఎకో చెప్పదు. నొప్పి మాత్రల వల్ల కడుపులో పుండు పడి లోపల రక్తం పోయి ఉంటే నల్లటి విరేచనాలు, కళ్లు తిరగడం ముందే కనపడేవి, మీరు రాయలేదు. విరిగిన ఎముకలోంచి కొవ్వు రక్తంలోకి వెళ్లే జబ్బు ఒకటుంది. అది మామూలుగా దెబ్బ తగిలిన మొదటి మూడు రోజుల్లోపే బయటపడుతుంది కాబట్టి దాన్ని పక్కన పెట్టేయొచ్చు. పిక్క లాగడం, రెండు రోజులకి లేచిన వెంటనే ఆయాసం, నీలం పెదాలు కలిపి చూస్తే నా మొగ్గు గడ్డ వైపే.

ఖాయంగా చెప్పగలిగేది పోస్టుమార్టం ఒక్కటే. ఆ అవకాశం దహనంతో పోయింది. దానికి మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. మన ఇళ్లలో పోలీసు కేసైతే తప్ప ఆ మాటే ఎవరూ ఎత్తరు, డాక్టర్లూ ఎత్తరు. కేసు లేకపోయినా, కుటుంబం రాతపూర్వకంగా ఒప్పుకుంటే కారణం తెలుసుకోవడం కోసమే పరీక్ష చేయించుకోవచ్చని, టీచింగ్ ఆసుపత్రుల్లో అడగవచ్చని చదివేవాళ్లలో ఒకరిద్దరికైనా గుర్తుంటే మంచిది.

మీ చేతిలో ఉన్న కాగితం విషయం. కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్ అంటే గుండే, ఊపిరీ ఆగాయని. ఏ జబ్బుతో పోయినా చివరికి అవి ఆగాల్సిందే కదా. ఆసుపత్రిలో చనిపోతే నింపే ఫారం 4లో మొదటి గడిలో తక్షణ కారణం, కింది గడుల్లో దానికి దారితీసిన కారణాలు, అన్నిటికంటే కింద మూలకారణం వరుసగా రాయాలి. షుగరు, బీపీ లాంటివి రెండో భాగంలో రావాలి. మొదటి గడిలో ఆ మూడు మాటలూ రాసి మిగతావి ఖాళీగా వదిలేయడం ఎప్పటినుంచో ఉన్న రోగం. నేను పనిచేసిన చోట పీజీ పిల్లలు అలా రాసుకొస్తే వెనక్కి పంపేదాన్ని, విసుక్కునేవాళ్లు. పంచాయతీ సర్టిఫికెట్‌లో కారణం లేకపోవడం మాత్రం పొరపాటు కాదు. 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఆ సర్టిఫికెట్‌లో కారణం చూపించకూడదు. అయితే ఆ చట్టానికి 2023లో చేసిన సవరణ అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఆసుపత్రి మరణ కారణ పత్రాన్ని రిజిస్ట్రారుకి పంపడంతో పాటు, దగ్గరి బంధువుకి ఒక కాపీ ఇవ్వాలి. మీ దగ్గరున్నది ఆ ఫారం కాపీనా, లేక ఎమర్జెన్సీ చీటీయా చూసుకోండి. చీటీ అయితే ఫారం కాపీ అడగండి.

ఇప్పుడు అసలు పని. రెండు చోట్ల కాగితాలు ఉన్నాయి.

ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో కౌంటర్ దగ్గర నోటితో అడగడం మానేయండి. కౌంటర్లో కూర్చున్న అమ్మాయికి ‘ఇవ్వం’ అనడం ఒక్కటే నేర్పి ఉంటారు. మెడికల్ సూపరింటెండెంట్ పేరు మీద ఒక ఉత్తరం రాయండి. అమ్మ పేరు, ఐపీ నంబరు (డిశ్చార్జి కాగితం పైనే ఉంటుంది), చేరిన తేదీ, వెళ్లిన తేదీ, మీరు ఆమె కూతురని, మొత్తం కేస్ షీటు నకలు కావాలని రాస్తే చాలు. ఎందుకో రాయనక్కర్లేదు, కోపం అసలే వద్దు. డెత్ సర్టిఫికెట్, మీ ఆధార్, బంధుత్వం చూపే కాగితం జిరాక్సులు జత చేయండి. రెండో కాపీ మీద ముట్టినట్టు సంతకం, స్టాంపు వేయించుకోండి. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన నియమావళి ప్రకారం రోగి గానీ, అధికారం ఉన్న సహాయకులు గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు వాటిని దాచాలి కూడా. ‘పోలీసులకే ఇస్తాం’ అన్నది ఆ నియమావళిలో లేని మాట. జిరాక్సు ఖర్చు అడిగితే ఇచ్చేయండి. ఉత్తరం తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. అప్పటికీ కదలకపోతే జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి, ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కి అదే ఉత్తరం కాపీతో ఫిర్యాదు పెట్టొచ్చు. చాలాసార్లు అంతదాకా వెళ్లదు. 72 గంటలన్న మాట కాగితం మీద చూస్తే సూపరింటెండెంటే పిలుస్తారు.

ఏరియా ఆసుపత్రి ప్రభుత్వానిది కాబట్టి మామూలు దరఖాస్తుకి ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, 30 రోజుల్లో జవాబు రావాలి. అక్కడ మీకు కావాల్సింది ఎమర్జెన్సీ షీటు, ఈసీజీ పట్టీ. 108 సిబ్బంది కూడా దారిలో నాడి, బీపీ, ఆక్సిజన్ ఎంత ఉన్నాయో రాసుకుంటారు. ఆసుపత్రికి అప్పగించిన ఆ షీటు ఫైల్లో ఉందేమో చూడమనండి.

కేస్ షీటు వచ్చాక లావు చూసి భయపడకండి. డాక్టర్ల రాత పక్కన పెట్టి ముందు నర్సులు నింపే ట్రీట్‌మెంట్ చార్ట్ తీయండి. మందుల పేర్లు నిలువుగా, తేదీలు అడ్డంగా, ఒక్కో గడిలో నర్సు పొట్టి సంతకం ఉంటుంది. అందులో ఎనాక్సపారిన్ (క్లెక్సేన్ అనే పేరుతో ఎక్కువగా కనపడుతుంది) లేదా హెపారిన్ ఉందా? బొడ్డు పక్కన పొట్ట మీద ఇచ్చే సన్నటి సూది అది. అమ్మకి పొట్ట మీద సూది వేయడం మీరు చూశారా, గుర్తు చేసుకోండి. ఉంటే ఎన్ని గడుల్లో సంతకం ఉంది, ఎన్ని ఖాళీగా ఉన్నాయి? తర్వాత డిశ్చార్జి సమ్మరీలో ఆ సూది గానీ, దాని బదులు రివరోక్సబాన్, అపిక్సబాన్, ఆస్పిరిన్ లాంటి మాత్ర గానీ కొనసాగించమన్నారా? యాంటీబయాటిక్, నొప్పి మాత్ర, గ్యాస్ మాత్ర, కాల్షియం రాసి ఇది మర్చిపోయిన సమ్మరీలు నేను చాలా చూశాను. ఇవ్వకపోవడానికి కారణం ఉండొచ్చు కూడా. కిడ్నీ దెబ్బతినడం, రక్తస్రావం, ప్లేట్‌లెట్లు తగ్గడం. ఉంటే ఎక్కడో ఒక వాక్యం రాసి ఉండాలి, కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ రిపోర్టు లాంటివి దాన్ని బలపరచాలి.

ఆ పైన ఫిజియోథెరపీ నోట్: ఏ రోజు కూర్చోబెట్టారు, ఏ రోజు నడిపించారు. చివరగా డిశ్చార్జికి ముందురోజు నాడి, ఆక్సిజన్ అంకెలు. నాడి వందకి పైనే తిరుగుతూ, ఆక్సిజన్ 92, 93 దగ్గర ఆడుతుంటే, ఇంటికి పంపేముందు ఎవరైనా ఎందుకని అడిగి ఉండాల్సింది.

ఆ సూది పూర్తిగా ఇచ్చినా కొందరికి గడ్డ వస్తుంది. ప్రమాదం తగ్గుతుంది, పోదు. అమ్మ దేనివల్ల పోయింది అన్నది ఒక ప్రశ్న, ఎవరి తప్పు అన్నది ఇంకో ప్రశ్న. మీరు మొదటిదే అడుగుతున్నారు. మీ అన్నయ్యకి రెండోది వినపడుతోంది, అందుకే వద్దంటున్నాడు. ఆయన్ని కూర్చోబెట్టి ఈ తేడా చెప్పండి. సూపరింటెండెంట్ దగ్గరికి ఆయన్నీ తీసుకెళ్లండి, మాట్లాడేది మాత్రం మీరే. ముందు ముందు మనసు మారితే తెలిసి ఉండాలి కాబట్టి రాస్తున్నాను: డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఫిర్యాదుకి గడువు రెండేళ్లు. రోగి చనిపోయినంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదు, ఇంకో నిపుణుడి అభిప్రాయం కావాల్సి వస్తుంది.

ఒక్క మాట మా వాళ్ల గురించి. ఆపరేషన్ చేసిన డాక్టరు ఆ రోజు పది నిమిషాలు మీ ఎదురుగా కూర్చుని “ఇలా జరిగి ఉండొచ్చమ్మా, మేం ఇది ఇచ్చాం, ఇది ఇవ్వలేదు” అని ఉంటే ఈ ఉత్తరం నాదాకా వచ్చేది కాదు. కోర్టు భయంతో నోరు కట్టుకుంటున్నామని మావాళ్లు అంటారు. నా అనుభవంలో నోరు కట్టుకున్నందుకే జనం కోర్టుకి వెళ్తున్నారు. కాబట్టి రికార్డులతో పాటు ఆ డాక్టరుతో మాట్లాడే సమయం కూడా ఉత్తరంలోనే అడగండి. వెళ్లినప్పుడు రెండే ప్రశ్నలు రాసుకెళ్లండి: రక్తం గడ్డకట్టకుండా ఏమిచ్చారు, ఎన్నాళ్లు? మీ అంచనా ప్రకారం అమ్మ దేనివల్ల పోయింది?

కాగితాలు వచ్చాక పేర్లు కనపడకుండా కొట్టేసి జిరాక్సులు పత్రిక చిరునామాకి పంపండి. చదివి మీకు విడిగా రాస్తాను. ఒక విషయం ఆ లోపే అడగాలి: మీ ఇంట్లో ఇంకెవరికైనా కాళ్లలో గడ్డలు కట్టాయా, మీకు గానీ మీ అక్కచెల్లెళ్లకి గానీ కాన్పుల తర్వాత కాలు వాచిందా? ఉంటే మీ డాక్టరుకి చెప్పండి. గర్భనిరోధక మాత్రలు వాడేముందు, ఏ ఆపరేషన్‌కి ముందైనా చెప్పాల్సిన సంగతి అది. నిద్ర రెండు మూడు వారాలకి కూడా దారికి రాకపోతే దానికీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి, సిగ్గుపడకండి.

ప్రశ్న: మేడం, మాది జగిత్యాల జిల్లా. దుబాయ్‌లో డ్రైవర్‌ని, వయసు 27. మా బాపు 49 ఏండ్లకే పోయాడు. రాత్రి ఛాతీలో మంట అంటే ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ సూది వేశాడట. తిని పడుకున్నవాడు తెల్లారి లేవలేదు. నేను వచ్చేసరికి అంతా అయిపోయింది. చిన్నబాపు కూడా 44 ఏండ్లకు పొలం కాడనే కుప్పకూలాడు. కారణం తెలుసుకునే దారి ఇప్పుడేమైనా ఉందా? నాకు, ఇద్దరు చెల్లెళ్లకు ఏమన్నా అవుతుందా?

జవాబు: బాపుకి ఏమైందో ఇక ఖాయంగా తెలియదు నాయనా. కానీ మీ ముగ్గురిలో ఆయన జాడ వెతకొచ్చు. అన్నదమ్ములిద్దరూ యాభై లోపే హఠాత్తుగా పోయారంటే పరీక్ష చేయించుకోవాల్సిన కుటుంబమే మీది.

మొదట అనుమానించేది గుండె రక్తనాళాల పూడిక. ‘గ్యాస్’ పేరుతో మన పల్లెల్లో ఎందరి గుండెపోటు సూదితో సరిపెట్టారో లెక్క లేదు. రెండోది పుట్టుకతో వచ్చే కొలెస్ట్రాల్ జబ్బు. మూడోది గుండె కండరం మందంగా పెరిగే జబ్బు. అది తల్లికో తండ్రికో ఉంటే ఒక్కో బిడ్డకి వచ్చే అవకాశం సగానికి సగం, ఆడపిల్లలకీ అంతే. దాంతో పాటు నిద్రలోనే ప్రాణం తీసే గుండె లయ జబ్బులు కొన్ని ఉన్నాయి, ఈసీజీలో జాడ చిక్కవచ్చు. మన ఉపఖండం వాళ్లలో సుమారు నూటికి నలుగురిలో గుండె కండరాన్ని బలహీనపరచగల ఒక జన్యుమార్పు ఉందని, హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ వాళ్లు కూడా పాల్గొన్న అధ్యయనం 2009లో బయటపెట్టింది. అది ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు, దాని ప్రభావం ఎక్కువగా వయసు పైబడ్డాకే కనపడుతుంది. మీ ఇంటి సంగతి అదేనని నేననడం లేదు.

వీసా కోసం చేసిన మెడికల్ బాగానే వచ్చిందని ధీమా పడకండి. అందులో ఎక్కువగా చూసేది టీబీ, హెపటైటిస్, హెచ్‌ఐవీ లాంటివి. సెలవుకి వచ్చినప్పుడు గుండె డాక్టరుకి ఇద్దరి వయసులూ, పోయిన తీరూ చెప్పి ఈసీజీ, ఎకో, కొలెస్ట్రాల్, షుగరు, బీపీ చూపించుకోండి. చెల్లెళ్లనూ తీసుకెళ్లండి. హైదరాబాద్ నిమ్స్‌లో అయినా సరే, దగ్గర్లో ఎకో ఉన్న ఏ మంచి ఆసుపత్రిలో అయినా సరే. ఇప్పుడు బాగున్నా కొన్నేళ్లకోసారి మళ్లీ చూపించుకోవాలి. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 190 దాటితే మందు మొదలుపెట్టాల్సిందే.

వెళ్లేముందు అమ్మని, చిన్నమ్మని ఫోన్లోనే అడిగి రాసుకోండి: బాపు ఎప్పుడైనా స్పృహ తప్పాడా, గట్టు ఎక్కితే ఆగి ఆయాసపడేవాడా, ఆఖరి రాత్రి గురకలా శబ్దం వచ్చిందా, ఆర్‌ఎంపీ వేసిన సూది పేరేంటి. ఇంట్లో ఆయన పాత మందుల చీటీలు, మాత్రల అట్టలు ఉంటే పారేయొద్దని ఇవ్వాళే చెప్పండి. బండి నడుపుతుండగా గుండె దడదడలాడినా, కళ్లు బైర్లు కమ్మినా సెలవు దాకా ఆగొద్దు. అక్కడే ఎమర్జెన్సీకి వెళ్లి ఈసీజీ తీయించుకోండి, మీ బాపు సంగతి కూడా వాళ్లకి చెప్పండి.